టుకీ ఎట్‌కీ మధ్య ఒక కొక్కెం

చొరోని జైలుకి పంపడానికి మేజర్ ఎసెన్‌గుల్ దగ్గరున్నది ఒకే ఒక్క వాక్యం. ఆ వాక్యం కూడా అతనికి రాని భాషలో ఉంది.

"సంతకం పెట్టు కెప్టెన్," అన్నాడు కాగితాన్ని బల్ల మీద ముందుకు తోస్తూ. "మధ్యాహ్నానికి వాణ్ణి నరీన్ జైలుకి తీసుకుపోతాను. మీ ఊరి కేసు నేను తేల్చి పెడుతున్నానని సంతోషించు."

కెప్టెన్ సైకాల్ కాగితం అందుకుని చదివింది. తార్-సూ లోయలో తాళ్ళ వంతెన మీదినుంచి పడి తల పగిలిన ఇంగ్లీషావిడ మార్గో, నిన్న ఆసుపత్రిలో కాసేపు తెలివి వచ్చినప్పుడు చెప్పిన మాటలవి. ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంటే ఊరి ఇంగ్లీషు మాస్టారు మెలిస్ పక్కన కూచుని కిర్గిజ్‌లోకి మార్చాడు. మేజర్ రాసుకున్నాడు.

'చొరో వంతెన మీదినుంచి నన్ను పిలిచాడు. నేను ఆగాను. చొరో నన్ను గురిచూసి కొక్కెం విసిరాడు. పడిపోయాను.'

చొరో ఆమెని కొండల్లో తిప్పడానికి వెళ్ళిన గైడు. మొన్నటినుంచి స్టేషన్ కొట్లో ఉన్నాడు.

"రికార్డు చేశారా?" సైకాల్ అడిగింది.

"ఫోన్లో ఉంది. అయినా నీకేం అర్థమవుతుంది? ఇంగ్లీషది."

"మెలిస్ అగాయ్ దగ్గరే చదువుకున్నాను," అంది సైకాల్. అగాయ్ అంటే మాస్టారు.

"ఊళ్ళో అందరూ ఆయన దగ్గరే చదివారుగా. ఒక్కడికైనా వచ్చిందా?" అంటూనే ఫోన్ తీసి ఇచ్చాడు.

ఆసుపత్రి గదిలో మందుల బండి తోస్తున్న చప్పుడు. ఎవరో దగ్గారు. మార్గో గొంతు చాలా నీరసంగా ఉంది. సగం మాటలు బండి చక్రాల కింద పడిపోయాయి. ఒక్క వాక్యం మాత్రం స్పష్టంగా వినపడింది. సైకాల్ వెనక్కి తిప్పి మళ్ళీ వింది. ఇంకోసారి వింది.

'చొరో త్రూ ద హుక్ టు మీ.'

"టు అంది," అంది సైకాల్.

"ఏంటి టు?"

"ఎట్ అనలేదు. త్రూ ఎట్ మీ అంటే నన్ను కొట్టడానికి విసిరాడని. త్రూ టు మీ అంటే నన్ను అందుకోమని విసిరాడని. మేజర్ గారూ, ఇది హత్యాయత్నం కాదు. చొరో ఆవిడని కాపాడబోయాడు."

ఎసెన్‌గుల్ నవ్వాడు. "పేనంత ముక్క పట్టుకుని ఏనుగుని ఆపుతావా చెల్లెమ్మా? మన మాటలో 'మగా' అంటాం. నాకు విసిరినా మగా, నా మీదికి విసిరినా మగా. దెబ్బ తగిలిందా లేదా, అదీ చూసుకోవాల్సింది."

"నా అనుమానం కూడా అక్కడే. అగాయ్ 'మగా విసిరాడు' అని ఊరుకుని ఉంటే ఏ చిక్కూ లేదు, ఎటైనా అర్థం చేసుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. 'గురిచూసి' అన్నాడు. ఆ మాట ఆవిడ నోట్లోంచి రాలేదు. మరి ఎవరి నోట్లోంచి వచ్చింది?"

"ముసలాయన. నోరు జారింది."

"జారితే మాట పోతుంది. కొత్త మాట వచ్చి చేరదు."

మేజర్ మొహంలో నవ్వు పోయింది. "మధ్యాహ్నం దాకా టైమిస్తున్నాను. తర్వాత నీ సంతకం ఉన్నా లేకపోయినా వాడు నా బండెక్కుతాడు."

*

చొరో గోడకి ఆనుకుని గొంతుక్కూచున్నాడు. తాడు ఒరుసుకుపోయి రెండు అరచేతులూ చర్మం లేచి ఉన్నాయి. సైకాల్ ముందు ఆ చేతులు చూసింది, తర్వాతే మొహం చూసింది.

"ఏం విసిరావురా?"

"తాడుకి కట్టిన కొక్కెం, ఎజే," అన్నాడు, అక్కా అని పిలిచినట్టు. "ఎన్నిసార్లు చెప్పను? నేను ముందు దాటేశాను. ఆవిడ నా వెనక వస్తోంది. మధ్యలోకొచ్చాక ఆగింది."

"ఎందుకు ఆగింది?"

"తెలీదు. వంగి కిందికి చూసింది. ఆ ఏటి హోరులో నాకేం వినపడలేదు. చూస్తుండగానే కాళ్ళ కింద పలక ఊడిపోయింది. పక్క తాడు పట్టుకుని వేలాడింది. నేను కొక్కెం వేశాను. ఒకసారి చేతికి తగిలి జారింది. రెండోసారి వేసేలోపే..."

"ఆవిడ నిన్న చెప్పిందేంటో తెలుసా? నువ్వు ఆమెని గురిచూసి కొక్కెం విసిరావని."

చొరో తలెత్తి చూశాడు. "అలా అననే అనదు. ఏమందో ఇంగ్లీషులో చెప్పు."

సైకాల్ చెప్పింది. వాడు విని నవ్వాడు. సంతోషంలేని నవ్వు.

"ఎజే, నువ్వూ అగాయ్ క్లాసులోనే కూచున్నావుగా. కుక్కకి ఎముక వేస్తే?"

"టు," అంది సైకాల్, అనుకోకుండానే.

"కుక్క మీద రాయి వేస్తే?"

"ఎట్."

"మనూళ్ళో ఇంగ్లీషులో పేరు రాయడం రానివాడికి కూడా ఆ ముక్క వచ్చు. ఆయన బల్ల మీద బెత్తంతో కొట్టి మరీ చెప్పించేవాడు. మనకి గుర్తుంది, ఆయన మర్చిపోయాడా?"

సైకాల్ మాట మార్చింది. "కొండ మీద ఏమైనా గొడవైందా? ఆవిడకి ఎవరి మీదైనా కోపం వచ్చిందా?"

"గొడవ కాదు. పై లోయలో అర్ఖార్లు చచ్చి పడున్నాయి. పెద్ద కొమ్ముల కొండగొర్రెలు. మొండేలున్నాయి, తలల్లేవు. ఎవరో విదేశీ వేటగాళ్ళని తెచ్చి కాల్పిస్తున్నారు. వేటకి అనుమతే లేని లోయ అది. ఆవిడ ఏడ్చింది. బిష్‌కెక్ వెళ్ళి పెద్దాఫీసర్లకి చెబుతానంది."

"ఎవరెవరికి చెప్పింది?"

"నాకు. తర్వాత మధ్యలో ఒక పూట ఊళ్ళోకి దిగామా, అప్పుడు అగాయ్‌కి చెప్పింది. నాకొచ్చిన ఇంగ్లీషు చాలదనుకుందేమో. ఆయనకైతే అంతా విడమరిచి చెప్పొచ్చు కదా."

*

మెలిస్ ఇంట్లో టీ కాగుతోంది. ఆయన భార్య జూరా రొట్టె విరిచి ముందు పెట్టింది. సైకాల్ ఒక ముక్క నోట్లో వేసుకుంది. రొట్టె ముట్టకుండా ప్రశ్నలు అడగడం ఎంత పోలీసుకైనా తప్పే.

తండ్రి పోయిన ఏడాది, పోలీసు స్కూలు పరీక్ష కోసం ఈ గదిలోనే ఈయన తనకి సాయంత్రాలు ఉత్తపుణ్యానికి చదువు చెప్పాడు. ఈ మనిషిని అనుమానించడమంటే తన చెయ్యి తనే కొరుక్కోవడం.

"అగాయ్, ఆవిడ 'టు' అంది. మీరు 'గురిచూసి' అన్నారు."

మెలిస్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "అన్నానా? అయితే తప్పు నాదే తల్లీ. ముసలి చెవులు. ఆ పిల్ల పళ్ళ మధ్యనుంచి మాట్లాడుతోంది. టు ఏదో, ఎట్ ఏదో."

"మీకు తెలియకపోవడమేంటి?"

"ప్రిపొజిషన్ అంటే ఏమనుకున్నావు? నామవాచకం ఎద్దులాంటిది, ఎక్కడ కట్టేస్తే అక్కడుంటుంది. ఇది ఈగ. ఇప్పుడు ముక్కు మీద, ఇప్పుడు టీలో. ఇన్నేళ్ళు చెప్పి నేనే పొరబడుతున్నాను." ఆయన మెత్తగా నవ్వాడు. "నువ్వు మాత్రం? 'ఎరైవ్ టు' అని రాసి ఎన్ని దెబ్బలు తిన్నావు?"

"మరి ఇవాళే వచ్చి ఆ వాంగ్మూలం దిద్దండి. ఒక కుర్రాడి బతుకు అది."

"తప్పకుండా. రేపు దిద్దుతాను. ఇవాళ నరీన్‌లో మాస్టర్ల మీటింగుంది." గోడ పక్కన ఆయన కోటు, చిన్న సంచీ సిద్ధంగా ఉన్నాయి.

"మొన్న ఎక్కడున్నారు అగాయ్?"

"ఎక్కడుంటాను? ఇంట్లోనే. మోకాళ్ళు చూస్తున్నావుగా."

జూరా చేతిలో టీకుండ గాల్లోనే ఆగింది. మెలిస్ ఆమెవైపు చూడలేదు. ఆమె చేతిలోంచి కుండ తనే తీసుకుని సైకాల్ గిన్నెలో టీ పోశాడు. అంచుదాకా పోశాడు.

సైకాల్ ఆ గిన్నెనే చూస్తూ ఉండిపోయింది. ఎప్పుడొచ్చినా ఈ ఇంట్లో గిన్నె సగమే నిండేది. సగం పోస్తే ఇంకా కూచో, మళ్ళీ పోస్తాను అని. అంచుదాకా పోస్తే, తాగి బయల్దేరు అని. ఆ మర్యాద తెలియనివాడు ఈ కొండల్లో ఎవడూ లేడు.

నిలబడే తాగేసి బయటికొచ్చింది. గడప దగ్గర రెండు జతల గలోషులున్నాయి, బూట్ల మీద తొడుక్కునే రబ్బరు తొడుగులు. జూరావి బురద కొట్టుకుని ఉన్నాయి. మంచు కరిగే ఈ రోజుల్లో ఊళ్ళో ఎవరివి చూసినా అంతే. మెలిస్‌వి మాత్రం తళతళా మెరుస్తున్నాయి. మోకాళ్ళు నొప్పని ఇల్లు కదలని మనిషి గలోషులు అంత శుభ్రంగా ఎందుకు కడగాల్సొచ్చింది?

*

వంతెనకి అడ్డంగా కట్టిన పోలీసు పట్టీ గాలికి చిరిగి కొట్టుకుంటోంది. మేజర్ మనుషులు పైనుంచే చూసి వెళ్ళిపోయారు. పైనుంచి చూస్తే పాతబడి పలక ఊడినట్టే ఉంది.

సైకాల్ కిందికి దిగింది. ఏటి ఒడ్డునుంచి వంతెన నడిమిదాకా పొడుచుకొచ్చిన ఒక రాతి అరుగు. దాని చివర నిలబడి చెయ్యెత్తితే నడిమి పలకల అడుగు అందుతుంది. ఊడిన పలక చోట ఇనుప పట్టీలు వేలాడుతున్నాయి. మిగతా పట్టీల నట్లు తుప్పుతో ఎర్రగా ఉన్నాయి. ఈ పట్టీల మరల మీద మాత్రం లోహం కొత్తగా మెరుస్తోంది. రెంచి పళ్ళు కరిచిన గాట్లు. నట్లు లేవు. కింద ఇసుకలో వెదికింది, లేవు. ఊడి పడితే ఇక్కడే ఉండాలి. విప్పినవాడు జేబులో వేసుకుపోయాడు. చొరో దాటేదాకా చివరి నట్టు ఉంచి, ఆవిడ ఆగాక అదీ తీసి ఉంటాడు.

అరుగు మూల, నీళ్ళు తగలని చోట, నీలంరంగు బంకమట్టిలో అడుగుజాడలు. నున్నటి అడుగులు. పక్కనే చిన్న గుంట, ఎవరో చాలాసేపు గొంతుక్కూచుని మడమల మీద బరువు వేసినట్టు.

"ఎవరికి చెప్పి వచ్చావిక్కడికి?"

ఎసెన్‌గుల్ ఒడ్డు మీద నిలబడి ఉన్నాడు. బూట్లు పాడవుతాయని దిగడానికి వెనకాడుతున్నాడు.

"దిగండి మేజర్ గారూ. తడిస్తే ఆరతాయి."

తిట్టుకుంటూ దిగాడు. ఆమె పట్టీలు చూపించింది, జాడ చూపించింది. అతను చాలాసేపు చూశాడు.

"చొరోయే విప్పి ఉండొచ్చు," అన్నాడు చివరికి.

"చొరోవి కొండ బూట్లు, అడుగున పళ్ళుంటాయి. ఇవి గలోషులు. పైగా పలక విప్పినవాడు మళ్ళీ తాడేసి లాగుతాడా? వాడి అరచేతులు చూశారా మీరు?"

"చూడలేదు," అన్నాడు మేజర్. అనడం ఇష్టంలేకుండా అన్నాడు.

"ఇంకోసారి ఆ రికార్డు ఇవ్వండి. ఇయర్‌ఫోన్లు కూడా."

ఏటి హోరు వినపడకుండా జీపులో అద్దాలెక్కించుకుని కూచున్నారు. సైకాల్ కళ్ళు మూసుకుని వింది. మందుల బండి చప్పుడు వచ్చిన చోటికి పదేపదే వెనక్కి వెళ్ళింది. చప్పుడు కింద అణిగిపోయిన మాటలు ఒక్కొక్కటే పైకి తేలాయి. 'ఎ వాయిస్ కాల్డ్ మీ... ఫ్రమ్ అండర్ ద బ్రిడ్జ్... టోల్డ్ మీ టు స్టాప్.'

ఆమె ఇయర్‌ఫోన్లు తీసేసింది.

"మీ కాగితంలో 'చొరో వంతెన మీదినుంచి' అని ఉంది. ఆవిడ చొరో పేరే ఎత్తలేదు, 'ఎ వాయిస్' అంది, 'ఫ్రమ్ అండర్' అంది. వంతెన కిందినుంచి. టుకీ ఎట్‌కీ ముసలాయన పొరబడ్డాడంటే నమ్మేదాన్నేమో. మీదకీ కిందకీ ఎవరు పొరబడతారు? ఒకటో క్లాసులో పిల్లి బల్ల మీదుందా బల్ల కిందుందా అనే కదా మొదలుపెడతారు."

ఎసెన్‌గుల్ కాగితం తీసి ఆ వాక్యం మళ్ళీ చదువుకున్నాడు.

"ఇంకొకటి. కిందున్న గొంతు ఆవిడని ఆగమంది, ఆగింది. ఏ భాషలో చెబితే ఆగింది? ఆవిడకి ఇంగ్లీషు తప్ప ఇంకోటి రాదు. 'స్టాప్' అని ఎవరైనా అనగలరు. కానీ నడి వంతెన మీద ఒక ఆడమనిషి భయపడకుండా ఆగి, వంగి చూడాలంటే, ఆ గొంతు తెలిసినదై ఉండాలి."

"ఆగు," అన్నాడు మేజర్. అతని గొంతులో వెటకారం పోయింది. "నిన్న... ఆ మాట చెబుతున్నప్పుడు చెయ్యెత్తింది. మెలిస్ వైపు చాపింది. ఏంటి అని అడిగాను. నీళ్ళు అడుగుతోంది అన్నాడు." అతను కిటికీలోంచి ఏటివైపు చూశాడు. "గ్లాసు నేనే పట్టాను. ఆవిడ తాగలేదు. తల అడ్డంగా తిప్పుతూనే ఉంది."

"ఆసుపత్రి గది దగ్గర ఎవర్ని పెట్టారు?" సైకాల్ అడిగింది.

"ఆసుపత్రిలో లేదు. తలకి ఆపరేషన్ చేయాలన్నారు, ఇందాకే బిష్‌కెక్ పంపించాం. అంబులెన్సులో. నర్సు ఉంది, డ్రైవరు ఉన్నాడు."

"ఇంకా?"

మేజర్ ఫోన్ కోసం చెయ్యి చాపాడు. "దారిలో తెలివొస్తే భాష తెలిసినవాడు పక్కనుండాలి కదా. ఆయనే అడిగాడు. మంచి మనసనుకున్నాను. పోయేదారిలో ఇంటి దగ్గర ఎక్కించుకోమని చెప్పాను."

నరీన్‌లో మీటింగు. సిద్ధంగా ఉన్న సంచీ. అంచుదాకా పోసిన టీ. సైకాల్ అప్పటికే తాళంచెవి తిప్పింది.

*

ఫోన్ అందలేదు. కొండ మలుపుల్లో అందదు కూడా. ఎసెన్‌గుల్ మాత్రం ప్రతి మలుపుకీ ఒకసారి ప్రయత్నిస్తూనే ఉన్నాడు.

"ఎందుకు చేస్తాడలాంటి పని?" అన్నాడు ఒకచోట. "అంతా గౌరవించే మనిషి."

"విదేశీ వేటగాళ్ళకి దారి చూపడానికి గైడు చాలు. బేరం కుదర్చడానికి మాట తెలిసినవాడు కావాలి. మన ఊళ్ళో ఎంతమంది ఉన్నారు అలాంటివాళ్ళు?" అంది సైకాల్. "ఆవిడ వెళ్ళి సరిగ్గా ఆయనకే చెప్పుకుంది."

కనుమ ఎక్కే ముందు చివరి టీకొట్టు ఉంది. దాని ముందు బల్ల మీద తెల్లకోటు కనపడింది. సైకాల్ బ్రేకు తొక్కింది.

నర్సు అనీపా టీ గిన్నె పట్టుకుని కూచుని ఉంది. పక్కన డ్రైవరు మాంసం సమోసా తింటున్నాడు. చుట్టుపక్కల అంబులెన్సు లేదు.

"బండేది?"

డ్రైవరు నోట్లో ముద్దతోనే లేచి నిలబడ్డాడు. "ఇక్కడే... అగాయ్ రోడ్డు పక్కకి తీస్తానన్నారు. లారీలకి అడ్డంగా ఉందని. పేషెంటుకి చలి వేస్తుందని ఇంజను ఆపలేదు, తాళం దానికే ఉంది. ఎంతసేపో కాలేదు."

ఎసెన్‌గుల్ పరుగున రోడ్డు మీదికి వెళ్ళాడు. తడి మట్టిలో చక్రాల జాడ కనుమవైపు ఎక్కలేదు. వెనక్కి తిరిగి, ఏటి ఒడ్డున ఎవరూ వాడని పాత గని బాట పట్టింది.

"నువ్వెందుకు దిగావు?" సైకాల్ నర్సు భుజం పట్టుకుంది. "రోగిని వదిలి ఎందుకు దిగావు అనీపా?"

"ఆవిడే దిగమంది ఎజే," అంది అనీపా. "నిజం. అగాయ్ ఎక్కగానే కళ్ళు తెరిచింది. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఒకటే మాట, మళ్ళీ మళ్ళీ. నాకు ఇంగ్లీషు రాదు కదా. ఏమంటోందని అగాయ్‌నే అడిగాను. 'ఆయన తోడుంటే చాలు, నువ్వు వెళ్ళి టీ తాగు' అంటోందని చెప్పారు."

"ఆవిడ ఏమంది? విన్నది విన్నట్టు అను."

అనీపా కళ్ళు మూసుకుని, తెలియని మాటల్ని ఒక్కొక్కటిగా, జాగ్రత్తగా పలికింది.

"నాట్... విత్... హిమ్."

సైకాల్ ఆమె భుజం వదిలేసి జీపువైపు పరిగెత్తింది. ఎసెన్‌గుల్ అటునుంచి వచ్చి పక్క సీట్లోకి దూకాడు. బండి పాత బాట మీదికి మళ్ళాక అడిగాడు.

"ఏమందట?"

"ఆయనతో వద్దు, అంది."